తిరుగు ఫోన్

“పారాచూట్‌తో ఎప్పుడైనా దూకావా, కత్తెరా?” అడిగాడు పెద్దాయన.

“రెండుసార్లు, సార్. రెండుసార్లూ తెరుచుకుంది.”

“అది తెలుస్తూనే ఉందిలే.”

పెద్దాయన డిపార్ట్‌మెంటుకి చీఫ్. బట్టలుతికే దుకాణం పైన, ఎప్పుడూ ఆవిరి వాసన వేసే గదిలో కూర్చుంటాడు. ఆయన ముందు నిలబడ్డవాడు ఫీల్డ్ ఏజెంట్. అసలు పేరు ఫైల్లో ఉంది, ఫైలు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అందరూ కత్తెర అంటారు. ఒకప్పుడు డిపార్ట్‌మెంట్ పనితీరుని మెరుగుపరిచే డ్యూటీ పడితే, అక్కర్లేని స్టెప్పులన్నీ కత్తిరించి పారేశాడు. ఆ పేరు అప్పుడొచ్చింది. అప్పట్లో దానికి గర్వపడేవాడు కూడా.

“ఈ సాయంత్రం కొత్త బెటాలియన్ మొదటిసారి విమానంలోంచి దూకుతోంది. అందరూ పసివాళ్లు. వాళ్ల పారాచూట్లు మడిచే ఫ్యాక్టరీలో దర్జీలు దూరారని, పట్టుబడ్డ కొరియర్ ఒకడు కక్కాడు.”

దర్జీలంటే సరిహద్దు అవతలి ముఠా. పక్కదేశం కుట్లు విప్పడం వాళ్ల వృత్తి కాబట్టి డిపార్ట్‌మెంట్ పెట్టుకున్న ముద్దుపేరు.

“అక్కడ మనవాళ్లెవరూ లేరా?”

“ఒకావిడ ఉంది. దర్జీల్లో చేరినట్టు నటిస్తూ, కన్సల్టెంటుగా ఆ ఫ్యాక్టరీలోనే ఉంది. అంతా క్షేమం అంటోంది.” పెద్దాయన కిటికీ వైపు తిరిగాడు. “మీ వదిన.”

కత్తెర తలుపు వైపు అడుగేసి ఆగాడు.

“ఎయిర్‌ఫీల్డ్‌ని ఆపాల్సి వస్తే కోడ్ ‘సూది విరిగింది.’ నా ఆర్డర్ లేకపోయినా ఆపేస్తారు. వెళ్లు.”

ఆమె సొంత వదిన కాదు. కత్తెర తనకి పని నేర్పిన సీనియర్‌ని అన్నా అని పిలిచేవాడు, ఆయన భార్య కాబట్టి వదిన. డిపార్ట్‌మెంట్ టెలిఫోన్ దగ్గర కూర్చునేది. ఫీల్డ్ నుంచి ఏ కబురొచ్చినా, ఆమె ఇంకో లైన్లో తిరిగి ఫోన్ చేసి ఒకే మాట అడిగేది. “అంతేనా?” కబురు పంపినవాడు క్షేమంగా ఉంటే “అంతే” అనాలి. తలకి తుపాకీ పెట్టి ఎవరైనా మాట్లాడిస్తుంటే “ఇంకేం కావాలి?” అనాలి. విసుక్కున్నట్టు ఉంటుంది కాబట్టి పక్కనున్న శత్రువుకి అనుమానం రాదు.

ఏళ్ల తరబడి ఆ ప్రశ్నకి “అంతే” తప్ప వేరే జవాబు రాలేదు. కత్తెర స్టాప్‌వాచ్ పట్టుకుని వచ్చాడు. విలువ లేని స్టెప్పు అన్నాడు. తిరుగు ఫోన్ పోయింది, దాంతోపాటు వదిన కుర్చీ పోయింది. పైవాళ్లు భుజం తట్టారు. ఆ వర్షాకాలంలోనే “ఇల్లు ఖాళీ, రావచ్చు” అని ఒక కబురొచ్చింది. తిరిగి ఎవరూ అడగలేదు. అన్న ఆ ఇంట్లోకి నడిచి వెళ్లాడు. బయటికి నలుగురు మోసుకొచ్చారు. ఆ తర్వాత వదిన ఫీల్డ్ డ్యూటీ అడిగి తీసుకుంది.

అప్పటినుంచి ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ కత్తెర చెయ్యి కాసేపు దానిమీదే ఉండిపోతుంది. మళ్లీ మోగుతుందేమోనని చూస్తాడు. మోగదు. కానీ కుళాయి కట్టేసినప్పుడు, లైటు ఆర్పినప్పుడు, తలుపు గొళ్లెం పెట్టినప్పుడు, చెవి పక్కనే వదిన గొంతు వినిపిస్తుంది. అంతేనా?

ఎండ తగ్గే వేళకి ఉత్తమ ఫ్యాక్టరీ అవార్డు జడ్జి ఒకాయన గేటు దగ్గర కారు దిగాడు. తెచ్చిపెట్టుకున్న బొజ్జ, అంటించుకున్న మీసం, మెడలో స్టాప్‌వాచ్. దాని బటన్ నొక్కితే ఫోటో తీస్తుంది. నొక్కి పట్టుకుంటే గేటు బయట మాటు వేసిన మనవాళ్లకి సిగ్నల్ వెళ్తుంది. టైం మాత్రం కాస్త స్లో.

సూపర్‌వైజర్ హుషారైన మనిషి. హాలు పొడవునా బల్లల మీద తెల్లటి నైలాన్ మడతలు పడుతూ ఉంటే, మడతకో వివరం చెప్పుకుంటూ పోయాడు.

“మా దగ్గర నెలకో మెరుగు, సార్! బల్లలు దగ్గరికి జరిపాం, నడక తగ్గింది. ఏ పనిముట్టు ఎక్కడ తగిలించాలో గోడమీద బొమ్మలు గీశాం, వెతుకులాట పోయింది. పిన్నులు కొత్త కంపెనీవి. అడిగిన పూటే తెచ్చిస్తారు, గోడౌన్‌తో పనే లేదు.”

“పిన్ను దేనికి?”

“మూట నోరు పట్టి ఉంచేది అదే కదా సార్. తాడు లాగితే పిన్ను జారాలి, అప్పుడు గొడుగు విచ్చుకుంటుంది. వీపు మీదిదైనా, పొట్ట మీదుండే స్పేర్ అయినా అంతే.”

“జారుతుందో లేదో ఎవరు చూస్తారు?”

“ఇదివరకు ఒకావిడ ఒక్కో మూటకీ పిన్ను లాగి చూసి మళ్లీ పెట్టేది. ఎన్నేళ్లు చూసినా ఒక్కటీ ఇరుక్కోలేదు. మా మేడమ్ వచ్చాక చెప్పారు, అది విలువ లేని స్టెప్పు అని. తీసేసి అందరం చప్పట్లు కొట్టాం.”

కత్తెర నడక ఆపాడు. ఆ మాట తనది. అచ్చంగా తనదే. పక్కబల్ల మీద కట్టి ఉన్న మూట తీసుకుని తాడు లాగాడు. పిన్ను కదల్లేదు. రెండు చేతులతో లాగాడు. సూపర్‌వైజర్ మూట లాక్కుని తనూ లాగి చూశాడు. “అయ్యో, సరుకు లారీ ఎక్కేసింది సార్!”

బయట ఇంజిన్ స్టార్టయిన చప్పుడు. కత్తెర స్టాప్‌వాచ్ బటన్ నొక్కి పట్టుకున్నాడు.

“ఆ వాచీని బొటనవేలి కింద అలా దాచిపెట్టేది ఒక్కడే,” అంది వెనక నుంచి ఒక గొంతు. “మీసం బాగుంది మరిదీ. బొజ్జ నిజమేనా?”

నీలం సూటు, ముత్యాల దుద్దులు, నవ్వని కళ్లు. రోజూ చెవిలో వినే గొంతు ఇప్పుడు ఎదురుగా నిలబడి మాట్లాడుతోంది. కత్తెర ఆమె వెంట గాజు క్యాబిన్‌లోకి నడిచాడు.

“ఎందుకు, వదినా?”

“ఒక్కసారే అడిగితే ఎలా? అసలు కారణం కావాలంటే అయిదుసార్లు ‘ఎందుకు’ అనాలని నువ్వేగా క్లాసు పీకావు. అడుగు.”

“పిన్ను ఎందుకు జారలేదు?”

“కట్టాక కాసేపటికి ఉబ్బే లోహం. దర్జీల సరుకు.”

“ఎందుకు కొన్నారు?”

“చవక. పైగా చెప్పిన వేళకి వస్తుంది.”

“ఎవరూ ఎందుకు చూడలేదు?”

“చూసే స్టెప్పు తీసేశారు.”

“ఎందుకు తీశారు?”

“ఎప్పుడూ ఏమీ దొరకలేదు కాబట్టి.”

“మీరెందుకు వాళ్లతో కలిశారు?”

“ఆ రోజు ఆ కుర్చీలో నేను లేను కాబట్టి.” ఆమె గొంతు పెంచలేదు. “నేను ఒక్క దారం తెంపలేదు, ఒకరిని బెదిరించలేదు. నీ పద్ధతి నేర్పాను, అంతే. మిగతాది వాళ్లే చప్పట్లు కొట్టి చేసుకున్నారు.”

“ఆ పిల్లలు ఏం పాపం చేశారు?”

“మీ అన్న ఏం చేశాడు?”

క్షమించమని అడగడానికి కత్తెరకి మొహం లేదు. అంతలో బల్ల మీది ఫోన్ మోగింది. గేటు దగ్గర మనవాడు. “లారీ పట్టేశాం. పిన్నుల కంపెనీ మనిషి కూడా దొరికాడు. కేసు క్లోజ్!”

కత్తెర ఫోన్ పెట్టేశాడు. లారీ దొరికింది, ముఠా దొరికింది, వదిన ఎదురుగానే ఉంది. పద్ధతి ప్రకారం పని పూర్తయింది. బేడీలు వేసి బయల్దేరడమే మిగిలింది. కానీ చెయ్యి ఫోన్ మీదే ఉండిపోయింది. మళ్లీ మోగలేదు. చెవిలో వినిపించాల్సిన గొంతు ఈసారి వినిపించలేదు, ఎందుకంటే ఆ గొంతు గల మనిషి ఎదురుగా పెదవులు బిగించి నిలబడి ఉంది. ఇక అడగాల్సింది తనే.

“అంతేనా, వదినా?”

ఆమె మొహం మారిపోయింది. గడియారం వైపు చూసింది, కిటికీలోంచి ఆకాశం వైపు చూసింది. “అంతే” అంటే చాలు, కత్తెర నమ్మేవాడు.

“ఇంకేం కావాలి?” అంది, విసుక్కున్నట్టు.

అది పాత కోడ్ అని తట్టడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత కత్తెర క్యాబిన్ తలుపు తీసి సూపర్‌వైజర్ మీద అరిచాడు. “పొద్దున ఇంకో లారీ వెళ్లిందా?”

“వెళ్లింది సార్! ముందే పంపితే మెరుగని మేడమ్...”

ఎయిర్‌ఫీల్డ్ లైన్ కలిసింది. “సూది విరిగింది! సూది విరిగింది!”

“విమానం పైనుంది. తలుపు తీసేశారు,” అంది అవతలి గొంతు.

“సూది విరిగింది!”

వైర్‌లెస్‌లో కేక, గాలి హోరు. చాలాసేపటికి అవతలివాడు ఊపిరి వదిలాడు. “మొదటి కుర్రాడు ఒక కాలు బయట పెట్టేశాడు. కాలర్ పట్టి లోపలికి లాగారు. తిడుతున్నాడట.”

“తిట్టనీ,” అని కత్తెర నేలమీద కూలబడ్డాడు.

ఆమె తనంతట తనే చేతులు చాపింది. “పాత అలవాటు. నోరు జారింది, అంతే.”

“మీరెప్పుడూ అడిగేవారు వదినా,” అన్నాడు కత్తెర బేడీ వేస్తూ. “ఆ జవాబు ఒక్కసారి కూడా మీరు చెప్పాల్సిన పని పడలేదు. అలవాటెలా అవుతుంది?”

ఆమె మొహం తిప్పుకుంది. ముత్యాల దుద్దు సన్నగా వణికింది. తర్వాత తనే నడిచి వెళ్లి వ్యాన్ ఎక్కింది.

మర్నాడు కత్తెర ఇంటికి చేరి, చేరానని పెద్దాయనకి ఫోన్‌లో చెప్పి పెట్టేశాడు. చెయ్యి దానిమీద ఉండగానే అది మళ్లీ మోగింది.

“అంతేనా?” పెద్దాయన గొంతు, మొరటుగా.

కత్తెరకి కళ్లు చెమర్చాయి. “అంతే, సార్.”

“అదేం జవాబయ్యా!” గసిరాడు పెద్దాయన. “ఇంకేదైనా చెప్పు. ఈ స్టెప్పు వల్ల లాభమేంటో పైవాళ్లకి చూపించాలి.”