కేక వేయని గొండోలా

గూఢచారి సిల్వానోకు దక్కాల్సినవన్నీ తోటి గూఢచారి లోరిస్ కొంతారిన్ తన్నుకుపోయాడు. ప్రమోషన్, పారిస్ పోస్టింగ్, ఈ రోజు వేరా పక్కన సీటు.

"సముద్రపు గేట్ల కోడ్ మన ఆఫీసులోంచే పోయింది," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా చేతికి చిక్కితే వెనిస్ మునుగుతుంది. సూర్యాస్తమయం టూర్‌లో బేరం. లాంచీలోనా, తెడ్డు పడవ గొండోలాలోనా? వేరా, నువ్వు చెప్పు."

వేరా ఆ ముఠాను వదిలి వచ్చిన ఇన్‌ఫార్మర్. నల్ల గౌను, చెవులకు ముత్యాలు.

"లాంచీ. గుంపులో సరుకు చేతులు మారడం తేలిక."

"సిల్వానో, వెయిటర్ వేషంలో లాంచీ ఎక్కు. లోరిస్, వేరా, మీరు కొత్త జంటలా గొండోలాలో వెనకే రండి."

లోరిస్ కన్ను గీటాడు. "వైన్ ఒలకకుండా పోయ్ గురూ! టిప్పు నేనిస్తాలే."

రేవులో లాంచీ హారన్ కొట్టింది. సిల్వానో ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. అవతల గొండోలాలో వేరా లోరిస్ భుజం మీద తల వాల్చింది.

సిల్వానో ట్రే అక్కడే పడేసి ఇంకో గొండోలా ఎక్కాడు.

"ఆ జంట వెనకే పోనీ."

"మీ ఆవిడా సార్?"

"నోర్మూసుకుని తెడ్డెయ్."

ముందు గొండోలా ఇరుకు కాలువ మూల తిరిగింది. చప్పుడు లేకుండా.

సిల్వానో లేచి నిలబడ్డాడు. ఈ ఊళ్ళో పుట్టి తెడ్డు పట్టినవాడెవడూ ఎదురు కనబడని మూలలో 'ఓయే!' అని కేక వేయకుండా పడవ తిప్పడు. తెడ్డేస్తున్న ఆ చారల చొక్కావాడు ముఠా మనిషి! బేరం లాంచీలో కాదు, ఇక్కడే.

"తొందరగా!"

మూల తిరిగేసరికి వంతెన కింద స్పీడ్‌బోట్ ఇంజన్ గురగురలాడుతోంది. లోరిస్ గ్లాసు పట్టుకునే గుర్రు పెడుతున్నాడు. వేరా చెవి ముత్యం తీసి చారల చొక్కావాడికి అందిస్తోంది.

సిల్వానో ఎగిరి వాళ్ళ గొండోలా అంచు మీదికి దూకాడు. పడవ ఒరిగింది. చారల చొక్కావాడు నీళ్ళలో పడ్డాడు. జారిపోతున్న ముత్యాన్ని సిల్వానో గాలిలోనే ఒడిసి పట్టాడు. లోపల కోడ్ ఉన్న మైక్రోచిప్. స్పీడ్‌బోట్ తోక ముడిచింది.

"నువ్వు లాంచీలో ఉండాలి కదా!" అంది వేరా.

"మిమ్మల్ని చూసి కుళ్ళుకుని వచ్చా." ఆమెకు బేడీలు వేశాడు.

"ముందే చెప్పుంటే నిన్నే పక్కన కూర్చోబెట్టుకునేదాన్ని."

"ఆ మత్తుమందు నాకే పోసేదానివి."

ప్రాణాలకు తెగించినందుకు లోరిస్‌కు మెడల్ వచ్చింది. ఆర్డర్ మీరినందుకు సిల్వానోకు మెమో వచ్చింది. పర్మిషన్ లేని పడవ కాబట్టి బిల్లు ఆఫీసు ఇవ్వనంది. సూర్యాస్తమయం రేటు, సొంత జేబులోంచి: నూట పది యూరోలు.