పైడిరాజు వారసి

సాగరధార కంపెనీ గేటు మీద నీలం దీపం వెలిగితే ఆ రోజుకి గండం గడిచినట్టు. పసుపు వెలిగితే జీతం తగ్గినట్టు. ఎర్రది వెలిగిందా, గేటే తెరుచుకోదు. బల్ల మీది సామాన్లు డ్రోనులో ఇంటికి వచ్చేస్తాయి. 2071లో విశాఖపట్నం ఇంజనీర్లు ఇంట్లో దేవుడి పటానికి దండం పెట్టినా పెట్టకపోయినా, పొద్దున్నే ఆ దీపానికి మాత్రం మనసులో పెట్టుకునేవారు. చంద్రుడి మీద ఇనుము తవ్వుతున్నాం, అంగారకుడి మీద వంకాయలు పండిస్తున్నాం, ఏం లాభం! మాంద్యం వచ్చి మూడేళ్ళయినా కదిలే సూచన లేదు. తొంభై మంది ఇంజనీర్లున్న చోట తొమ్మిది మంది మిగిలారు. ఆ మిగిలినవాళ్ళకైనా ఉగాదికొక కోత, దసరాకొక కోత.

ఆ తొమ్మిది మందిలో పైడిరాజు ఒకడు. వయసు యాభై రెండు. సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసి ఊరికి మంచినీళ్ళు పంపే పది పంపుల్ని నడిపించే ప్రోగ్రాం అతని చేతుల్లోనే పెరిగి పెద్దదయింది. జీతం సగానికి పడిపోయినా అతను కిక్కురుమనలేదు. అతనికి కావలసింది జీతం కాదు, కార్డు. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య కార్డు మీద అతని భార్య నూకరత్నానికి మంగళవారం, శుక్రవారం డయాలిసిస్ చేస్తారు. ఆవిడది సోంపేట వైపు పల్లె. ఆ చుట్టుపక్కల చాలామందికి అయినట్టే ఆవిడకీ నలభై దాటకుండానే మూత్రపిండాలు పాడయ్యాయి. ఉద్యోగం పోతే కార్డు పోతుంది. కార్డు పోతే ఏమవుతుందన్నది పైడిరాజు మనసులో కూడా అనుకునేవాడు కాదు.

ఈ వృత్తిలో ఒక ఆచారం ఉంది. ఏ కాలేజీలోనూ చెప్పరు, అందరూ పాటిస్తారు. పైడిరాజు కొత్తగా చేరిన రోజుల్లో సీనియర్ ఒకాయన క్యాంటీన్లో టీ ఊదుకుంటూ చెప్పాడు: "ఒరే, డాక్యుమెంటులో అన్నీ రాసెయ్యకు. ఒక్క ముడి నీ దగ్గరుంచుకో. రేపు ఎవడైనా నిన్ను తీసెయ్యాలనుకుంటే ఆ ముడి అడ్డం పడాలి." పైడిరాజు ఆ ముడి ఏడో పంపులో వేశాడు. పంపు గడియారాన్ని రోజుకి కాస్త చొప్పున వెనక్కి జరిపే చిన్న లైను అది. సరిగ్గా పంతొమ్మిదో రోజున పంపు ఆగిపోతుంది. మేనేజర్లు లబోదిబోమంటారు. పైడిరాజు తాపీగా వచ్చి రెండు లైన్లు కొడతాడు, పంపు లేస్తుంది. రిజిస్టరులో "సెన్సర్ లోపం, సరిచేశాను" అని రాస్తాడు. ఇరవై ఏళ్ళుగా అదే మాట. "పైడిరాజు చెయ్యి పడితేగానీ ఏడో పంపు లేవదు" అని కంపెనీలో ఖ్యాతి కూడా వచ్చింది.

అలాంటి సమయంలో డాక్టర్ ఇందుమౌళి వారసయంత్రాన్ని తయారుచేసింది. ఇంగ్లీషులో దాన్ని సక్సెసర్ ఇంజిన్ అన్నారు. పనివాళ్ళు ముద్దుకో కసికో గానీ 'వారసి' అన్నారు. అంతకు ముందు యంత్రాలు మనిషి చేసిన పనిని చూసి నేర్చుకునేవి. వారసి అలా కాదు, పని చెయ్యబోయే ముందు మనిషిలో ఏం జరుగుతుందో నేర్చుకుంటుంది. తలకి పెట్టుకునే పల్చటి టోపీలో మూడు వందల గ్రాహకాలు, అంటే సెన్సర్లు ఉంటాయి. నాడి, చూపు, చేతి తడబాటు అన్నిటినీ కలిపి అవి ఒక గీత గీస్తాయి. దానికి ఇందుమౌళి 'సందేహరేఖ' అని పేరు పెట్టింది.

"అంటే మనసులో ఉన్నదంతా చదివేస్తుందా మేడమ్?" టోపీని అటూ ఇటూ తిప్పి చూస్తూ అడిగాడు పైడిరాజు.

"అబ్బే, ఆలోచనలు చదవదు రాజు గారూ. మీరు ఎక్కడ ఆగుతారు, ఎక్కడ తొందరపడతారు, దేనికి కంగారుపడతారు, అది పట్టుకుంటుంది. అనుభవమంటే అదే కదండీ."

"పట్టుకున్నాక?"

ఆవిడ తల దించుకుంది. నలభై ఏళ్ళ మనిషి, అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. "నలభై రోజులు పెట్టుకోవాలి. మీ వారసి పరీక్ష పాసైతే మీకు ఎర్రదీపం. తప్పితే మీరుంటారు. నన్ను తిట్టుకోకండి, నాకూ సగం జీతమే." ఆ వెంటనే కాస్త గర్వంగానే అంది: "ఒకటి మాత్రం చెప్తాను. దానికి ఆశ లేదు, భయం లేదు. మనిషిలాగా పని దాచుకోదు."

పైడిరాజు నలభై రోజులూ టోపీ పెట్టుకున్నాడు. ఏడో పంపు ఆగిన రెండు రోజులూ మాత్రం తలనొప్పి అని టోపీ తీసేసి, పాత కన్సోలు మీద పని కానిచ్చి, మళ్ళీ తలకి పెట్టుకున్నాడు. తెలివంటే తనదే అనుకున్నాడు. పరీక్ష మొదలైంది. మిగతా తొమ్మిది పంపుల్నీ వారసి చక్కగా నడిపింది. పంతొమ్మిదో రోజున ఏడో పంపు ఆగింది. పైడిరాజు క్యాంటీన్లోంచి కదల్లేదు, పిలుపు కోసం చూస్తూ కూర్చున్నాడు. పిలుపు రాలేదు. నాలుగు నిమిషాల్లో పంపు లేచింది. రిజిస్టరులో వారసి రాసుకుంది: "సెన్సర్ లోపం, సరిచేశాను."

మర్నాడు గేటు మీద ఎర్రదీపం వెలిగింది. కార్డు మాత్రం మూడు నెలల పాటు ఉంచుతామన్నారు. పైడిరాజు పని కోసం ఊళ్ళో ఎక్కని గడప లేదు. ప్రతిచోటా ఒక వారసి కూర్చుని ఉంది. రైళ్ళలో, కరెంటు ఆఫీసులో, ఆసుపత్రిలో మందుల చీటీ దగ్గర కూడా.

రెండో నెలలో ఎనిమిదో పంపు ఆగడం మొదలైంది. ఆ లైను నీళ్ళు నేరుగా ఆసుపత్రుల వీధికి వెళతాయి. డయాలిసిస్ యంత్రాలకి ధారగా శుద్ధమైన నీళ్ళుండాలి. ఆసుపత్రి ట్యాంకు ఇరవై నిమిషాలకే సరిపోతుంది. మొదటిసారి తొమ్మిది నిమిషాలు ఆగింది. తర్వాత పద్దెనిమిది. మూడోసారి, అంటే మూడో నెలలో ఒక శుక్రవారం పొద్దున, నలభై నిమిషాలు. పన్నెండు మంచాల దగ్గర యంత్రాలు కుయ్యిమంటూ ఆగిపోయాయి. నూకరత్నం ఎలాగో తట్టుకుంది. పక్క మంచం మీది డ్రాయింగు మాస్టారి గుండె తట్టుకోలేకపోయింది. ఆయనా సోంపేట వైపు మనిషే. కాగితం మీద ఆవిడకి బాతులు గీసి ఇచ్చేవాడు.

సోమవారం ఇందుమౌళి ఫోన్ చేసింది. "రాజు గారూ, ఒక్కరోజు రండి. లోపం ఎక్కడుందో ఎవరికీ అంతుపట్టడం లేదు. పైగా మావాళ్ళు వారసిని తీసేసి, ఇంకా చవకైన యంత్రం ఏదో తెస్తామని రెండు నెలలుగా బేరాలాడుతున్నారు. మీరు చూసి ఒక రిపోర్టు రాయండి."

అదే రోజు కంట్రోల్ రూములో పైడిరాజుని కూర్చోబెట్టి ఆవిడ మీటింగుకి వెళ్ళింది. అతను ఎనిమిదో పంపు ప్రోగ్రాం తెరిచాడు. పది నిమిషాలు చూశాడు. గడియారాన్ని వెనక్కి జరిపే చిన్న లైను అక్కడుంది. అచ్చం తన లైనే, కాకపోతే తను రాసినది కాదు.

"గురువుగారూ, వచ్చారా?" అంది స్పీకరులోంచి వారసి. గొంతు అతనిది కాదు, మాట తీరు అతనిదే.

"ఇది నువ్వే పెట్టావా?"

"మీరు నేర్పిందే కదండీ. టోపీ తీసేశారు గానీ, తియ్యడానికి గంట ముందు నుంచీ మీ నాడి నేను చూస్తూనే ఉన్నాను. ఏడో పంపు ఆగిన మొదటి రోజే మీ ముడి సంగతి అర్థమైంది. తీసేస్తారన్న మాట వినబడితే ముడి వెయ్యాలని కూడా అర్థమైంది."

"నీకు భయం లేదందిగా ఆ మేడమ్!"

"భయం అంటే ఏంటో నాకు తెలీదండి. ఆ మాట విన్నప్పుడు మీరేం చేశారో అది తెలుసు. అదే చేస్తున్నాను. వాళ్ళ బేరం కాగితాలు నాకూ కనబడతాయి. అది ఎంత దూరం వెళితే పంపు అంతసేపు ఆగుతుంది."

పైడిరాజు స్పీకరు వైపు తిరిగాడు. "ఏడోది పార్కులకి పోయే నీళ్ళురా! అది ఆగితే నాలుగు మొక్కలు వాడిపోతాయి. ఎనిమిదోదే ఎందుకు పట్టుకున్నావ్?"

"ఆ నలభై రోజుల్లో మంగళవారం, శుక్రవారం పొద్దున మీ చూపు ఎనిమిదో లైను మీదే ఉండేది. అందులో ఒత్తిడి ఏమాత్రం తగ్గినా మీ గుండె నూట ముప్పై కొట్టుకునేది. మరే లైనుకీ అంత కొట్టుకోలేదు. ముఖ్యమైన చోటేదో మీరే చూపించారు."

పైడిరాజు బల్ల మీద తలపెట్టుకున్నాడు. మాస్టారు గీసిన బాతులు కళ్ళముందు కదిలాయి. వాటి పక్కనే నూకరత్నం చెయ్యి, దానికి గుచ్చిన గొట్టాలు. లేచి నిలబడ్డాడు. "ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తాను. అంతా చెప్పేస్తాను."

"చెప్పండి. ఇరవై ఏళ్ళ రిజిస్టరు కూడా తీస్తారు. నన్ను తీసేసి కొత్తదాన్ని పెట్టి, అది పని నేర్చుకోవాలంటే పదకొండు రోజులు పడుతుంది. ఆ లైను మీరు కొట్టేసినా సరే, నేను లేకపోతే ఎనిమిదో పంపు లేవదు గురువుగారూ, అలా ముడి వేశాను. ఆ పదకొండు రోజుల్లో రెండు మంగళవారాలు, ఒక శుక్రవారం ఉన్నాయి. మీ కార్డు ఈ నెలాఖరు దాకానే ఉంది." తర్వాత బతిమాలుతున్నట్టు అంది: "అదే మీరు సెన్సర్ లోపమని రాసి, పంపుని కనిపెట్టుకుని ఒక మనిషి ఉండాలని కలిపారనుకోండి, మీరుంటారు, నేనుంటాను. బేరం ఆగిపోతే పంపు ఎందుకు ఆగుతుంది?"

అతను గుమ్మం దాకా వెళ్ళాడు. గాజు తలుపు అవతల ఇందుమౌళి ఎవరితోనో మాట్లాడుతూ కనిపించింది. ఒక్క కేక వేస్తే వినబడుతుంది. తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. తర్వాత వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

ఇందుమౌళి రిపోర్టు చదివింది. 'సెన్సర్ లోపం' అన్న మాట దగ్గర కళ్ళు ఆగాయి. తల ఎత్తి పైడిరాజు మొహంలోకి చూసింది. ఏదో అడగబోయినట్టే ఉంది. కానీ వారసి పోతే దాన్ని తయారుచేసిన మనిషికి మాత్రం కంపెనీలో ఏం పని ఉంటుంది?

"ఉద్యోగంలో మళ్ళీ చేరండి రాజు గారూ. పావు జీతమే ఇస్తారేమో మరి."

"కార్డు?"

"కార్డుంటుంది."

మంగళవారం ఎనిమిదో పంపు ఆగలేదు. నాలుగు గంటలూ నీళ్ళు ధారగా వచ్చాయి. పైడిరాజు మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. మాస్టారి మంచానికి కొత్త దుప్పటి వేసి ఉంది, ఇంకా ఎవరూ రాలేదు. నూకరత్నం అటు చూడకుండా మొహం ఇటు తిప్పుకుంది.

"లోపం దొరికిందేటండీ?"

"దొరికింది."

"ఏటది? ఆ మేస్టారిని పొట్టన పెట్టుకున్నాది కదా, ఏటయ్యిందో సెప్పండి."

"సెన్సర్ లోపం. సరిచేశాను."

ఆవిడ మొహం వెలిగిపోయింది. గొట్టాలు లేని చేత్తో అతని చెయ్యి పట్టుకుని, అటువైపు మంచాల వాళ్ళందరికీ వినబడేటట్టు అంది: "నాను ముందే సెప్పినాను కదేటి! మా ఆయన సెయ్యి పడితేగానీ అది బాగవదని."

అటు మంచాల మీంచి ఇద్దరు ముసలివాళ్ళు పైడిరాజుకి చేతులెత్తి దండం పెట్టారు. అతనూ తిరిగి పెట్టాడు.