చప్పుడు లేని తుపాకి

పోయినేడాది మగ జింకల వేట మొదలైన సోమవారం, ఉదయం ఏడుంబావుకి డేల్ హెస్ చనిపోయాడు. వీపులో ఒకే తూటా. ఒంటి మీద, మనిషని దూరానికే తెలిసే వేటగాళ్ళ ఎర్ర కోటు ఉంది. అయినా "జింకనుకుని ఎవరో కాల్చారు" అని కాగితం మీద రాసేశారు. పెన్సిల్వేనియా అడవుల్లో ఏటా ఒకరిద్దరు అలా పోతూనే ఉంటారు. ఎవరూ ఇంకేమీ అడగలేదు.

అన్న ఎమరీ అడిగాడు. అన్నదమ్ములిద్దరూ ప్రభుత్వ గూఢచారులే. ఏడాది తేడా, ఒకటే మొహం. ఆ రోజు డేల్ కాపలా కాసింది ఆస్ట్రాండర్ అనే రాడార్ శాస్త్రవేత్తకి. మంచు తవ్వి చూస్తే ఎమరీకి ఖాళీ తూటా తొడుగు ఒకటి దొరికింది. ఇత్తడిది. మూతి దగ్గర నెలవంకలా సొట్ట. అప్పట్నుంచి అది అతని చొక్కా జేబులోనే ఉంది.

ఈ ఏడు నవంబరులో చీఫ్ మాడాక్స్ పిలిపించాడు.

"తూర్పు బెర్లిన్ ముఠా మళ్ళీ మనిషిని దింపింది. పేరు వారెన్ పెల్. ప్రొఫెసర్ ఆస్ట్రాండర్ వేట మానడట, చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. వేట మొదటి రోజే కొడతారు."

"డేల్‌ని చంపింది వీడేనా?"

"తెలీదు. మన ఏజెంటు వివియన్ వాడి పెళ్ళాం వేషంలో ఉంది. వాళ్ళు మాత్రం ఆమె తమ మనిషే అనుకుంటున్నారు. వాడి తుపాకికేదో జబ్బుందట. ప్రొఫెసర్ వేటాడే పాటర్ కౌంటీలో నువ్వు తుపాకుల రిపేరు కొట్టు తెరువు, తీసుకొస్తుంది."

"తీసుకొస్తే?"

"రిపేరు చెయ్యి. వాణ్ణి గురిపెట్టి ఉండగా పట్టుకోవాలి. ప్రాణాలతో. వినపడిందా?"

"వినపడింది" అన్నాడు ఎమరీ. సరే అనలేదు.

థాంక్స్‌గివింగ్‌కి వారం ముందు కొట్టు తలుపు తెరుచుకుంది. ముందు నక్కతోలు కోటు, దాని వెనక పెల్. ఎమరీకి నెరిసిన పెట్టుడు గడ్డం. బుగ్గలో పొగాకు ముద్ద.

"మా బామ్మ కుట్టు మిషన్ బాగుచేస్తారా?" అంది వివియన్.

"సూదులు మాత్రం మారుస్తాను అమ్మాయ్."

గుర్తు మాట కుదిరింది. పెల్ తుపాకి బల్ల మీద పెట్టాడు. కింద చెక్క పట్టుకుని వెనక్కీ ముందుకీ లాగితే తూటా మారే పంపు తుపాకి. ఆ కొండల్లో ప్రతి ఇంట్లోనూ ఉండేదే.

"మాదీ ఈ కొండల ఊరే, అల్టూనా. ఇది పిచ్చి తుపాకి పెద్దాయనా. వంద గజాల్లో అయిదు తూటాలేస్తే పళ్ళెమంత వెడల్పున చెల్లాచెదురు. పైగా ఈ చెక్క గలగల. అడుగేస్తే చాలు, అడవంతా నా పేరు పెట్టి పిలుస్తుంది."

"పంపు తుపాకన్నాక గలగలమంటుందయ్యా."

"నాకు వద్దు. చిన్న చప్పుడు కూడా వద్దు."

ఎమరీ తుపాకి తీసుకుని నేలమాళిగలోకి దిగాడు. గురి చూసుకోవడానికి అక్కడ ఇసుక బస్తాలు పేర్చి ఉన్నాయి. ఒకటి కాల్చాడు. ఖాళీ తొడుగు ఎగిరి నేల మీద పడింది. తీసి దీపం కింద పెట్టాడు. జేబులోది పక్కన పెట్టాడు.

రెండు నెలవంకలు. ఒకే చోట. ఒకే వంపు.

తుపాకిలో ఇంకా మూడు తూటాలున్నాయి. పైన పెల్ ఏదో జోకేసి తనే నవ్వుతున్నాడు. ఎమరీ తుపాకితో మెట్లెక్కాడు. నాలుగో మెట్టు దాకా వెళ్ళాడు. ప్రాణాలతో అన్నాడు చీఫ్. మళ్ళీ దిగాడు.

పని మొదలుపెట్టాడు. తమ్ముణ్ణి చంపిన తుపాకికి చేసినంత శ్రద్ధగా తన తుపాకికి కూడా ఎప్పుడూ చేయలేదు. దుర్భిణి మరలు వదులయ్యాయి, బిగించాడు. పంపు చెక్క గొట్టానికి ఒకవైపు రాసుకుంటోంది. కాల్చినప్పుడల్లా గొట్టాన్ని పక్కకి నెడుతున్నది అదే. మధ్యలో పేకముక్క దూరేదాకా గీకాడు. గొట్టం మూతి మీద చిన్న గాటు, నున్నగా అరగదీశాడు. తూటా తొడుగుకి సొట్ట పెట్టే అంచు ఒక్కటి వదిలేశాడు. అది సాక్ష్యం.

పైకొచ్చి అడిగాడు. "గలగల పోవాలంటే చెక్క జారే పట్టాల నిండా చిక్కటి గ్రీజు కూరాలి. కూరమంటావా?"

"దండిగా కూరు."

అల్టూనాలో పుట్టినవాడెవడూ ఆ మాట అనడు. వేటకి ముందు ఆ కొండల్లో ప్రతివాడూ తుపాకిని కిరోసిన్‌తో కడిగి, ఎండబెట్టి, పొడిగా పట్టుకెళ్తాడు. గడ్డకట్టే చలిలో గ్రీజు కొవ్వులా పేరుకుంటుంది. తూటాని గొట్టంలోకి నెట్టి మూసే బోల్టు వెంట్రుకవాసి ముందే ఆగిపోతుంది. బోల్టు పూర్తిగా మూసుకోకపోతే ట్రిగ్గర్ పనిచేయదు. గట్టిగా కొట్టి మూస్తే మాత్రం పేలుతుంది.

ఆ చివరి మాట ఎమరీ చీఫ్‌కి చెప్పలేదు.

పొయ్యి వెచ్చగా ఉన్న నేలమాళిగలో పెల్ తనే కాల్చి చూసుకున్నాడు. మూడు తూటాలూ ఒకే కన్నంలో. చెక్క గలగల లేదు.

"నీ చేయి బంగారం ముసలాయనా!"

వెళ్తూ వివియన్ గ్లవుజు మర్చిపోయినట్టు వెనక్కొచ్చింది. "వాడేనా?"

"వాడే."

"నువ్వు చూసే చూపు బాలేదు ఎమరీ."

"గ్లవుజు తీసుకుని పో."

వేట మొదలయ్యే సోమవారం. ఉదయం ఏడు. సున్నాకి పన్నెండు డిగ్రీలు దిగువన. ప్రొఫెసర్ వేట గుడిసె వంటింట్లో ఇద్దరు ఏజెంట్ల మధ్య కూర్చుని తిడుతూ టిఫిను తింటున్నాడు. అతని ఎర్ర గళ్ళ కోటు వేసుకుని, అతని పైపు నోట్లో పెట్టుకుని, అతని చెట్టు కింద ఎమరీ కూర్చున్నాడు. గడ్డం లేదు. పక్కన ఫ్లాస్కు మూతలో చిన్న రేడియో. మిగతా ఏజెంట్లంతా అవతలి గట్టు మీద. దగ్గరికొస్తే మంచులో అడుగులు కనపడిపోతాయి.

"గ్రీజు మీద ప్రాణం పెడతావా?" రేడియోలో చీఫ్ గొంతు.

"నేను తిరిగితే మొహం చూసి పారిపోతాడు. ఉండండి."

వెనక వివియన్ రెండుసార్లు దగ్గింది. వచ్చేశాడన్నమాట. ఎమరీ వెనక్కి తిరగలేదు. డేల్‌కి తగిలిన చోటే తన వీపు జలదరించింది.

మెత్తగా, పిల్లి నడిచినట్టు, చెక్క ముందుకి జారిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. ఒక ఊపిరి. ఒక బూతు. చెక్క మళ్ళీ వెనక్కి, మళ్ళీ నెమ్మదిగా ముందుకి. పేలని తూటా మంచు మీద టుప్పున పడింది.

ఎమరీ లేచి తిరిగాడు. నలభై అడుగుల్లో పెల్. వాడి మొహంలో నెత్తురు ఇంకిపోయింది.

"నువ్వు... నిన్ను పోయినేడు చంపాను కదా! ఇక్కడే చంపాను!"

ఆ మాట రేడియోలో చీఫ్ విన్నాడు. వివియన్ విన్నది.

భయంలో పెల్‌కి చప్పుడు సంగతి గుర్తులేదు. చెక్కని బలమంతా పెట్టి కొట్టాడు. ఛటక్! బోల్టు మూసుకుంది. వేలు బిగుసుకుంటుండగా వివియన్ బూటు గొట్టం కింద తన్నింది. తూటా కొమ్మల్లోకి పోయింది. వాడి నెత్తిన బుట్టెడు మంచు రాలింది.

వాడు మంచు దులుపుకునేలోపు, పరిగెత్తుకొచ్చిన ఎమరీ తుపాకి మొన పెల్ గొంతు కింద ఉంది. వేలు ట్రిగ్గర్ మీద ఉంది.

"చంపాను అన్నాడు. విన్నాం. ఇంక చాలు ఎమరీ" అంది వివియన్.

ఎమరీ తుపాకి ఆమెకిచ్చి కత్తి తీశాడు. పెల్ కళ్ళు మూసుకుని వాళ్ళ భాషలో ఏదో గొణిగాడు. ఎమరీ వాడి కోటు ఎత్తి, చొక్కా వెనక అంచు బయటికి లాగి, పరపరా కోశాడు.

అల్టూనా వాడైతే అదేమిటో అడిగేవాడు కాదు. గురి తప్పిన వేటగాడి చొక్కా అంచు కోసి, పేరు రాసి గుడిసె గోడకి మేకు కొట్టడం అక్కడి వేటగాళ్ళ ఆనవాయితీ. సాయంత్రం దాకా ఆగకుండా ఎమరీ అప్పుడే గుడిసెకెళ్ళి కొట్టాడు. గోడ మీదున్న డేల్ ఫోటో కింద.

ప్రొఫెసర్ కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "ఎంత దూరంలో తప్పాడేమిటి?"

"నలభై అడుగులు."

"నలభై అడుగులా! సిగ్గులేదూ! చొక్కా మొత్తం తీయాల్సిందయ్యా."

"మిగతాది జైల్లో తీస్తారు లెండి" అన్నాడు ఎమరీ.