కురొతాని మలుపు దాటే ఆఖరి బస్సు

చీకటి పడ్డాక కురొతాని మలుపు దగ్గర ఎవరూ ఆగరు. పట్నం నుంచి కొండమీదికి వచ్చే ఆఖరి బస్సుకి అక్కడ చెడ్డపేరుంది. కిటికీల్లో మనుషులు కనిపిస్తారు... చెయ్యూపితే ఒక్కరూ తల తిప్పరు.

మా విశ్వవిద్యాలయంలోని ప్రాంతీయ విధాన అధ్యయన కేంద్రానికి మాత్రం ఆ బస్సంటే మహా గర్వం. కొండ ఊళ్లకి సర్కారు ఖర్చుతో బస్సు నడపమని సలహా ఇచ్చింది ఆ కేంద్రమే. పథకం ఫలించిందా లేదా అని తేల్చేదీ ఆ కేంద్రమే. బస్సులో కెమెరా పెట్టి, తలలు లెక్కేసి, "ఆదరణ అద్భుతం" అని రాసుకున్నారు. ఆ బస్సెక్కిన పరిశోధకుడు లేడు.

నివేదిక అట్టమీదికి ఫొటో తెమ్మని డైరెక్టర్ ఉరబె, కొత్తగా చేరిన నగాహమాని పంపాడు. తర్వాత జరిగింది నగాహమా నాకు చెప్పిందే.

మంచు కురుస్తోంది. బస్సు ఆగింది. ఎక్కాడు. సీట్ల నిండా జనం — టోపీలు, మఫ్లర్లు, ముఖాలకి మాస్కులు. దగ్గు లేదు, మాట లేదు. అద్దాలకి ఆవిరైనా పట్టలేదు...

ముందు ఫొటో తీశాడు.

"కాస్త జరుగుతారా?"

పక్కాయన జరగలేదు. భుజం తట్టాడు. చెయ్యి మెత్తగా లోపలికి దిగబడింది —

వెనక సీట్లోంచి ఒక ఆకారం మెల్లగా లేచింది.

"అరవకు బాబూ, డ్రైవర్ హడలిపోతాడు." షిగెనో అనే ముసలావిడ. గుసగుసగా అంది: "అవన్నీ గడ్డిబొమ్మలు. ప్రాణమున్నదాన్ని నేనొక్కదాన్నే. అదీ అంతంతమాత్రం."

"ఎందుకు మామ్మగారూ ఇదంతా?"

"తలలు తగ్గితే బస్సు ఆపేస్తారటగా? నా కిడ్నీలు పోయాయి. డయాలసిస్‌కి పట్నం వెళ్లి రావాలంటే ఇదే దిక్కు." ఆగి, అతని మెడలో కార్డు చూసింది. "ఓహో, లెక్కలేసేది మీరేనా... చెప్పేస్తావా?"

చెబితే ఆవిడ ప్రాణం మీదికొస్తుంది. దాచి దొరికిపోతే నగాహమా ఉద్యోగం ఊడుతుంది.

మర్నాడు ఉరబె ఆ ఫొటోని తెరమీద పెద్దది చేసి, చాలాసేపు చూశాడు.

"సార్..." నగాహమా నసిగాడు. "అందులో ఉన్నవాళ్లు..."

"కనిపిస్తోందిలేవయ్యా," ఉరబె విసుక్కున్నాడు. "మూడో సీటువాడికి మెడ వాలిపోయింది. గడ్డి గట్టిగా కూరమని ఆ డ్రైవర్‌కి నిరుడే చెప్పాను. వెళ్లి మళ్లీ తీసుకురా. ఈసారి ఆ ముసలావిడని దింపేసి తియ్యి — కుదురుగా కూర్చోక ఫొటో అంతా చెడగొట్టింది."