చిత్రికకు ఐదు వంకలు

ఆ అమ్మాయి వానలో తడుస్తూ మా కొట్లోకి వచ్చింది. వస్తూనే నా మీద విరుచుకుపడింది.

"ఏమండీ, చిత్రికలన్నీ మగాళ్ల చేతులకే చేస్తారా? రోజంతా చెక్క నున్నగా చేసేసరికి నా వేళ్లు పడిపోతున్నాయి. నా చేతికి తగ్గది ఒకటి చేసివ్వండి!"

తను కుర్చీలు, బల్లలు చేస్తుందట. వడ్రంగులకి వాళ్ల చేతి కొలతను బట్టి పనిముట్లు చేసివ్వడం మా నాన్న విద్య. నాకప్పటిదాకా ఉలులకి సాన పట్టడమే గతి.

"నువ్వు చెయ్యరా," అన్నాడు నాన్న. "ఆ అమ్మాయి బాగుందంటే ఇకమీదట ఆర్డర్లు నీవి. లేదంటే మళ్లీ సానరాయి దగ్గరికే."

మా కొట్లో ఒక పద్ధతుంది. చేయించుకున్నవాళ్లు నోరారా బాగుందనేదాకా మా ముద్ర కొట్టం. ఎన్నిసార్లు తెచ్చినా సరిచేసివ్వాల్సిందే.

ఆమె చెయ్యి కాగితం మీద పెట్టించి చుట్టూ పెన్సిల్‌తో గీశాను. పెన్సిల్ పక్కకి జారి, పాపం ఆమె చిటికెన వేలు బొటనవేలంత వచ్చింది. మళ్లీ గీశాను. మూడోసారికి ఆమె నవ్వాపుకోలేకపోయింది.

రెండు వారాలకి చిత్రిక తయారైంది. చెక్క మీద తోస్తే ఉల్లిపొరలా చెక్కు లేచింది. నా ఛాతీ ఉబ్బింది.

"పిడి కాస్త లావేమో," అంది.

అక్కడికక్కడే సన్నం చేసిచ్చాను, వాడి చూస్తానని ఇంటికి పట్టుకెళ్లింది. పై శనివారం బరువెక్కువంది. తర్వాతి శనివారం పిడి వాలు బాలేదంది. నాలుగోసారి మరీ విడ్డూరం.

"చప్పుడు తేడాగా ఉందండీ. మూలుగుతోంది."

"మూలిగేది మీ చెక్కేమో!"

"నా చెక్కకేం, బంగారం!"

నవ్వుకుంటూ వెళ్లిపోయింది. నాకు మాత్రం అన్నం సయించలేదు. శనివారం వస్తుందని శుక్రవారమే గడ్డం గీసుకునే స్థితికి వచ్చాను. ఏం లాభం? ఆమె లెక్కలో నేను పని రానివాణ్ణి.

"ఈ శనివారమే ఆఖరు," అన్నాడు నాన్న.

ఐదోసారి వచ్చి, బ్లేడు సరిగ్గా కూర్చోలేదంది. ఈసారి చిత్రిక నాన్న అందుకున్నాడు. బ్లేడు ఊడదీసి, కళ్లద్దాలు పెట్టుకుని, కొత్త బ్లేడు పక్కన పెట్టి చూశాడు.

"అమ్మాయ్, ఇది గోరంత అరిగిందే! నాలుగు వారాల్లోనే ఇంత అరగాలంటే రోజూ పదును పెట్టుకుని పొద్దస్తమానం దీంతోనే పని చేసుండాలి. నచ్చని పనిముట్టుని ఎవరైనా ఇంతలా వాడతారా?"

ఆమె మొహం ఎర్రబడింది. నా బుర్రకి మాత్రం వెలగలేదు.

"అంటే... బాగున్నట్టా?"

"మొదటిరోజే బాగుంది! ఆ మాటంటే ముద్ర కొట్టి పంపించేస్తారు. ఇంక ఏం సాకు చెప్పి రాను?"

"అయ్యబాబోయ్! నేనిక్కడ చచ్చిపోతున్నానండీ!"

"మరి నేనో? అన్నిసార్లు ఎదురుగా కూర్చున్నా, పిడి గురించి తప్ప ఒక్క మాట మాట్లాడారా?"

నాన్న గట్టిగా దగ్గి, ఏదో పనున్నట్టు వెనక గదిలోకి వెళ్లాడు.

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"మీరంటే నాకిష్టం. చాలా ఇష్టం. పని రానివాణ్ణి మీరెందుకు ఇష్టపడతారని నోరు మూసుకున్నాను."

"పని రాకపోయుంటే చిత్రిక మొహాన కొట్టి, అప్పుడే వెళ్లిపోయేదాన్ని," అంది. "రేపు మా ఇంటికి రండి. వారం వారం పాడయ్యే చిత్రికతో అంత నున్నటి కుర్చీలు ఎలా వస్తున్నాయని మా అమ్మ ఒకటే అనుమానం. మీరే వచ్చి చెప్పుకోండి."

"నేనూ రావచ్చా?" వెనక గదిలోంచి నాన్న గొంతు.

"మీరు రాకపోతే ఎలా మావయ్యా?"

అప్పటిదాకా ఆయన్ని 'మేస్త్రీగారూ' అని పిలిచేది.