వైరు అబద్ధం చెప్పదు

అనుమానం పెనుభూతం అంటారు. రఘునందన్‌కి ఆ అనుమానమే ఉద్యోగం, ఏం చేస్తాం. కంపెనీ కంప్యూటర్లలోకి బయటివాడెవడూ దూరకుండా కాపలా కాయడం అతని పని. శామీర్‌పేట దాటాక కొత్త కాలనీలో ఇల్లు కొన్నాడు, గేటు మీద వైఫై కెమెరా పెట్టించాడు. ఇంతలో పక్క వీధివాళ్ళ కెమెరాలోంచి ముక్కూమొహం తెలియనివాడెవడో తొంగిచూస్తున్నాడని గుప్పుమంది. ఇక మనిషికి కంటిమీద కునుకు లేదు.

మేడ్చల్ నుంచి కెమెరాలు బిగించే బాలేష్‌ని పిలిపించి, పాతదాని పక్కనే వైరు కెమెరా బిగించాడు.

"వైఫైని గోడవతల నిలవడి ఎవడన్న పట్టుకుంటడు సార్. గీ వైరు సీదా మీ టీవీలకే వస్తది. నెట్టే లేదు, ఇగ ఫికరేంది?" అన్నాడు బాలేష్.

ఆ మాట రఘునందన్‌కి తెగ నచ్చింది. పదేళ్ళ కూతురు లిఖితకి పాఠంలా అప్పజెప్పాడు. "ఫోన్లో బొమ్మని ఎవడైనా మార్చేస్తాడు తల్లీ. హాల్లో టీవీలో వచ్చేదే నమ్మాలి. వైరు అబద్ధం చెప్పదు." పిల్ల బుద్ధిగా తలూపింది.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. పెందలాడే చీకటి పడింది. ఖాళీ ప్లాట్లలో కప్పలు అరుస్తున్నాయి. తడిసిన గడ్డి వాసనతో పాటు మరేదో కుళ్ళు వాసన కిటికీలోంచి వస్తోంది. భార్య సాయిప్రియ మేడ్చల్లో ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళింది. తండ్రీకూతుళ్ళు ఉప్మా తింటున్నారు.

టీవీలో గేటు దగ్గర సాయిప్రియ కనబడింది. గొడుగు లేదు. జుట్టు మొహానికి అతుక్కుపోయింది. కెమెరాలోకే చూస్తోంది... రెప్ప వేయడం లేదు.

రఘునందన్ ఫోన్ తీసి చూశాడు. వైఫై కెమెరాలో గేటు ఖాళీ. "వానకి ఇది కాస్తా ఆగిపోయి చచ్చింది" అని విసుక్కుని, గొడుగేసుకుని వెళ్ళి గేటు తీశాడు.

ఎవరూ లేరు. బురదలో అడుగుల జాడ కూడా లేదు.

జేబులో ఫోన్ మోగింది. "ఏవండీ, వాన తగ్గాక బయల్దేరతాను. పిల్ల తిందా?" సాయిప్రియే. వెనక ఆసుపత్రి గోల.

అతను ఫోన్లో మళ్ళీ వైఫై బొమ్మ చూశాడు. అందులో వాన పడుతోంది. గొడుగు కింద తను నిలబడి ఉన్నాడు. అది ఆగిపోలేదు. ఇందాకా నిజమే చూపించింది.

గేటుకి తాళం వేసి లోపలికి పరుగెత్తాడు. తాళంచెవి మేకుకి తగిలించి చూస్తే, లిఖిత టీవీ ముందు కొయ్యబారి ఉంది.

టీవీలో, గేటవతల... రఘునందన్. అదే చొక్కా. అదే గొడుగు. గేటు పట్టుకుని ఊపుతున్నాడు.

పిల్ల మెల్లగా ఇటు తిరిగింది. ఎప్పుడూ 'నువ్వు' అనే పిల్ల.

"మీరెవరు?" అంది గుసగుసగా.

"నేనేనమ్మా... నాన్నని."

"నాన్న బయట ఉన్నాడు. వైరు అబద్ధం చెప్పదు."

అతను ఒక్క అడుగు వేశాడు. పిల్ల మేకు మీది తాళంచెవి లాక్కుని బయటికి ఉరికింది. తలుపు దడాలున మూసుకుంది. బయట గడియ పడింది. కిటికీలకి ఇనుప చువ్వలు, వెనక తలుపుకి బయటనుంచి తాళం. జాగ్రత్తపరుడి ఇల్లు మరి.

తలుపు బాదాడు. భుజంతో గుద్దాడు. కదల్లేదు. ఫోన్ తీశాడు.

వైఫై బొమ్మలో గేటు తెరుచుకుంది. అవతల ఎవరూ లేరు. లిఖిత తలెత్తి, ఖాళీ చోటుతో ఏడుస్తూ ఏదో చెప్పింది. చెయ్యి చాపింది. ఆ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది... ఎవరో పట్టుకున్నట్టు. చుట్టూ వాన. ఆ పిల్ల మీద మాత్రం పడటం లేదు.

అడుగులు ఇంటివైపు వచ్చాయి. గుమ్మం దగ్గర ఆగాయి.

"నాన్నా... వాడు లోపలే ఉన్నాడు."

వద్దు తల్లీ, అని అరవబోయాడు రఘునందన్. నోరు తెరిచాడు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

తలుపు అవతల అతని గొంతే నెమ్మదిగా పలికింది.

"భయపడకు తల్లీ. నేనున్నాగా."

గడియ కదిలింది.