జిల్లేడు పాలు

ఆ ఉదయం కోడలు కుట్టుమిషన్ మీద వంచిన తల ఎత్తలేదు. స్కూలు యూనిఫారాలు మధ్యాహ్నానికల్లా ఇచ్చెయ్యాలి. ఐదేళ్ల కూతురు బుల్లెమ్మ కొంగు పట్టుకుని ఒకటే నస.

"నా ప్రాణం తియ్యకే! బాల్కనీలోకి పోయి ఆడుకో," అని గడియ తీసి పంపేసింది.

బాల్కనీ నిండా మామగారి జిల్లేడు కుండీలు. ఇంటి వెనక ఖాళీ స్థలంలో జిల్లేడు పొదలన్నీ పెకిలించి చదును చేశాక సీతాకోకచిలుకలు రావడం మానేశాయి. బస్సు డ్రైవరుగా రిటైరైన ఆ పెద్దాయన ఊరంతా తిరిగి కాయలు ఏరుకొచ్చి, దూది ఊదేసి గింజలు నాటాడు. మోకాలెత్తు మొక్కల మీద ఇప్పుడు చారల గొంగళిపురుగులు పాకుతున్నాయి. "పాలు కంట్లో పడితే ప్రమాదమమ్మా, పిల్లని అటు పంపకు," అని కోడలికి లక్షసార్లు చెప్పాడు.

కెవ్వుమన్న కేకకి ఆమె పరుగెత్తేసరికే, మామగారు పిల్లని కుళాయి కింద పట్టుకుని కన్ను కడుగుతున్నాడు.

"వెంటనే కడిగారు కాబట్టి సరిపోయింది," అని డాక్టరు కట్టు కట్టి పంపాడు. ఇంటికొచ్చినా కోడలి ఏడుపు ఆగలేదు. కబురు తెలిసి ఆఫీసు నుంచి వచ్చిన కొడుకు మాత్రం గుమ్మంలోనే తండ్రి మీద విరుచుకుపడ్డాడు.

"గిట్టనివాళ్ల ఇంట్లో జిల్లేళ్లు మొలవాలని తిట్టుకుంటారు జనం. నువ్వు నీళ్లు పోసి మరీ పెంచావు! పురుగుల మీదున్న ప్రేమ మనవరాలి మీద లేదా నాన్నా?"

పెద్దాయన కోడలి వైపు చూడనైనా లేదు. "తప్పు నాదేరా. తీసేస్తాను," అని బాల్కనీలోకి నడిచి, వంగి ఒక కుండీ ఎత్తాడు.

ఆమె నోరు విప్పకపోతే ఈ పూట గడిచిపోతుంది. కానీ ఆయన మొహం ఎలా చూడాలి, రేపటి నుంచి?

"ఆయన్ననకండి!" అని అరిచినంత పని చేసింది. "గడియ తీసింది నేను. పని తెమలట్లేదని నేనే పంపాను. వద్దని మామయ్య చెబుతూనే ఉన్నారు."

"నాకు తెలుసమ్మా," అన్నాడు మామగారు మెల్లగా.

"తెలిసీ ఎందుకు తిట్లు తిన్నారు మామయ్యా?"

"నువ్వు అప్పటికే ఏడుస్తున్నావు. దాని మీద వీడి తిట్లు కూడానా?"

ఆమె గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది. కొడుకు వెళ్లి తండ్రి చేతుల్లోంచి కుండీ అందుకున్నాడు.

"ఇలా ఇవ్వు నాన్నా, నడుం పట్టేస్తుంది. మేడ మీద ఎండ ఎటు బాగుంటుందో చూపించు, పద."